అతుకు కనబడనివ్వండి

(కాగితం కొలాజ్, ఫొటోగ్రఫీ కలిపి పనిచేసే ఒక చిత్రకారిణి విజయవాడలో చిత్రకళ విద్యార్థులతో, ఆసక్తి కొద్దీ వచ్చిన ఊరివాళ్లతో మాట్లాడిన మాటలకు రాతప్రతి. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల మాత్రం కొంత తగ్గించాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మనవాళ్లకు ముందు వరస అంటే ఎందుకో అంత మొహమాటం.

నన్ను మిక్స్‌డ్ మీడియా ఆర్టిస్ట్ అని పరిచయం చేశారు. గుంటూరు బ్రాడీపేటలో మా చుట్టాలను అడిగితే అంత దూరం పోరు. "పేపర్లు కత్తిరించి అతికిస్తుంది" అంటారు. వెంటనే "దానికి డబ్బులిస్తారా?" అని కూడా అంటారు. (నవ్వులు) ఇస్తారు. ఆలస్యంగా ఇస్తారు.

కొలాజ్ గురించి అంతా చెప్పేద్దామని రాలేదు. ఒక్క విషయం పట్టుకుని మాట్లాడతాను. రెండు కాగితాలు కలిసేచోట ఒక గీత ఉంటుంది, అతుకు. దాన్ని దాచాలా, చూపించాలా? చదువుకునే రోజుల్లో మాకు దాచడమే పనితనం అని నేర్పారు. ఇన్నేళ్ల పనిలో నాకు తేలింది వేరు.

మీలో ఎంతమంది 24 షీట్ల సినిమా పోస్టర్ అతికిస్తుండగా చూశారు? చేతులెత్తండి. అదీ, జుట్టు నెరిసినవాళ్లే ఎత్తారు. పిల్లలకు తెలియదు, వాళ్లు పుట్టేసరికి ఫ్లెక్సీ వచ్చేసింది. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల ముందు పోస్టర్ల కట్టలు దిగేవి. పెద్ద పోస్టర్ అంటే ఒకే కాగితం కాదు, ముక్కలు ముక్కలుగా అచ్చయ్యేది. నిచ్చెన, మైదా జిగురు బకెట్, పొడుగు కర్రకు కట్టిన కుంచె, ఇవి పట్టుకుని అర్ధరాత్రి దాటాక మనిషి వచ్చేవాడు. చీకట్లో, వీధి దీపం వెలుగులో, నిచ్చెన మీద నిలబడి ఏ షీటు పక్కన ఏ షీటు రావాలో చూసుకుంటూ అతికించాలి. ఒక్క అంగుళం జరిగితే హీరో మీసం ఒక షీటులో, పెదవి ఇంకో షీటులో. పొద్దున్న ఆ దారిన వెళ్లే జనం ఎవరైనా "ఇదేంటి, మొహం తేడాగా ఉంది" అన్నారా? లేదు. చూసేవాడి కన్ను ఆ అంగుళాన్ని తనే సర్దేసుకుంటుంది. చూసేవాడికి ఆ మాత్రం పని ఇవ్వాలని నాకు అక్కడే తెలిసింది.

కొత్త సినిమా వస్తే పాత పోస్టర్ మీదే కొత్తది. నాలుగు వానలు పడ్డాక అంచులు లేచేవి. పైన ఉన్న హీరో చెంప ఊడి, కింద ఎప్పటిదో సినిమాలోని హీరోయిన్ కన్ను బయటికి కనబడేది. పారిస్‌లో రేమండ్ హైన్స్, జాక్ విలెగ్లే అనే ఇద్దరు 1949 నుంచి ఇలా చిరిగిన పోస్టర్లనే గోడల మీంచి ఒలిచి తెచ్చారు, తర్వాత చిత్రాలుగా ప్రదర్శించారు. మ్యూజియంలు కొన్నాయి. మన దగ్గర ఆ ఒలిచే పని ఆవులు చేసేవి, మైదా కోసం. వాటికెవరూ ఎగ్జిబిషన్ పెట్టలేదు. (నవ్వులు)

సరే, చరిత్ర. పుస్తకాల్లో కొలాజ్ కథ 1912లో, ఫ్రాన్స్‌లో మొదలవుతుంది. పికాసో ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు కాన్వాస్ మీద ఆయిల్‌క్లాత్ ముక్క అతికించాడు. అంటే మన డైనింగ్ టేబుల్ మీద వేసుకుంటామే, అలాంటి గుడ్డ. దాని మీద కుర్చీల పేము అల్లిక డిజైన్ అచ్చయి ఉంది. చుట్టూ ఫ్రేమ్‌కు బదులు తాడు చుట్టాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన స్నేహితుడు, చిత్రకారుడు బ్రాక్, అవిన్యాన్ ఊళ్లో ఒక దుకాణంలో చెక్క రంగు, చెక్క గీతలు అచ్చువేసిన గోడ కాగితం చూశాడు. చూసిన వెంటనే కొనలేదట. పికాసో పారిస్ వెళ్లేదాకా ఆగి, అప్పుడు కొని, ముక్కలు కోసి బొమ్మలో అతికించాడని చెబుతారు. ప్రాణస్నేహితులే. అయినా కాగితం సంగతి స్నేహితుడు ఊరు దాటాకే. ఆర్టిస్టుల స్నేహాలు ఎక్కడైనా ఇంతే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ ఆయిల్‌క్లాత్ అబద్ధం చెబుతోంది, నేను పేము అంటోంది. పేము కాదు, అచ్చు. ఆ చెక్క కాగితమూ చెక్క కాదు. పక్కనే చేత్తో గీసిన నిమ్మకాయ ముక్కో, గ్లాసో ఉంది, అదీ నిజం కాదు. ఈ రెండు అబద్ధాలూ ఆనుకునే చోట ఉన్న అంచు మాత్రం నిజం. అక్కడ నిజంగానే ఒక గుడ్డ అయిపోతోంది, రంగు మొదలవుతోంది. ఆ అంచును రంగుతో కప్పేసి ఉంటే ఆ బొమ్మ గురించి ఇవాళ ఎవరూ మాట్లాడేవారు కాదని నా నమ్మకం.

కానీ ఆ పుస్తకాలతో నాకో పేచీ ఉంది. రాజస్థాన్‌లో నాథ్‌ద్వారా అని శ్రీనాథ్‌జీ క్షేత్రం. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లిన యాత్రికులు ఒక రకం చిత్రాలు వేయించుకునేవారు. మనోరథం అంటారు. మధ్యలో స్వామి, అటూ ఇటూ చేతులు జోడించిన భక్తులు, అర్చకులు. పంచెలు, పట్టుచీరలు, నగలు అన్నీ చిత్రకారుడు చేత్తో వేసినవే. మొహాల దగ్గర మాత్రం ఫొటో స్టూడియోలో తీయించుకున్న ఫొటోలోంచి కత్తిరించిన ముఖం. రంగురంగుల బొమ్మలో హఠాత్తుగా ఒక అసలు మనిషి మొహం, కెమెరాకేసి బిత్తరపోయి చూస్తూ. కొన్నింటిలో మొహం చుట్టూ రంగు పూసి అతుకు కలిపేశారు, కొన్నింటిలో తెలిసిపోతూనే ఉంటుంది. భక్తుడికి ఆ తేడాతో ఇబ్బంది లేదు. స్వామి పక్కన ఉన్నది తనే అని తెలియాలి, అంతే. మన కొలాజ్ పాఠం పికాసో దగ్గర కాక ఇక్కడ మొదలుపెడితే పోయేదేముంది? మీ సిలబస్ రాసేవాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే ఆలోచించండి.

ఇంకొక్క పాశ్చాత్యురాలి గురించి చెప్పి మన ఊరికి వచ్చేస్తాను. హన్నా హ్యోఖ్, జర్మనీ. బెర్లిన్‌లో ఉల్‌స్టైన్ అనే పెద్ద పత్రికల సంస్థలో అల్లికల, ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసే ఉద్యోగం. చుట్టూ సచిత్ర పత్రికల గుట్టలు. 1919-20లో ఆ పత్రికల ఫొటోలు కోసి దాదాపు నాలుగడుగుల ఎత్తు బొమ్మ చేసింది. దాని పేరులోనే వంటింటి కత్తి ఉంటుంది. మంత్రుల తలలు నాట్యకత్తెల ఒంటికి, చక్రాలు, బేరింగులు, ఏనుగు, జనసమూహాలు. కిందికి వచ్చి కుడివైపు మూలకు చూస్తే చిన్న మ్యాపు ముక్క ఉంటుంది. యూరప్‌లో ఆడవాళ్లకు ఓటుహక్కు వచ్చిన దేశాల మ్యాపు అది. జర్మనీలో ఆడవాళ్లు మొదటిసారి ఓటేసింది 1919 జనవరిలోనే. ఆ మ్యాపు అంచున తన మొహం చిన్నగా అతికించుకుంది. సంతకం ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి. ఆమె ఉన్న డాడా అనే కళాకారుల బృందంలోని మగవాళ్లు ఆమెను పెద్దగా లెక్కచేయలేదు, ఎగ్జిబిషన్‌లో పెట్టనివ్వడానికే సణిగారు. వాళ్లలో చాలామంది పేర్లు ఇప్పుడు వెతుక్కోవాలి.

ఇక ఫొటో సంగతి.

మా పెద్దమ్మ ఇంట్లో హాల్లో ఒక ఫొటో ఉండేది. పెద్దమ్మ, పెదనాన్న పక్కపక్కన కూర్చున్న ఫొటో. పెదనాన్న పెళ్లయిన కొన్నేళ్లకే పోయారు. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఆవిడకు అరవై వచ్చాక పిల్లలు స్టూడియోకి తీసుకెళ్లి కలిపి ఫొటో చేయించారు. పద్ధతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. రెండు ప్రింట్లూ అంచుల వెంట కోసి ఒక అట్ట మీద అతికించి, అతుకు మీద సన్న కుంచెతో బూడిద రంగు పూసి, మొత్తాన్ని మళ్లీ ఫొటో తీస్తారు. కొత్త నెగెటివ్‌లో అతుకు మాయం. ఆయనకు పాతికేళ్లు, ఆవిడకు అరవై. ఆయన మొహం మీద వెలుగు కుడివైపు నుంచి, ఆవిడ మీద ఎడమవైపు నుంచి. ఆయన భుజం ఆవిడ చెవి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తల్లీకొడుకుల్లా ఉన్నారని ఆ ఇంట్లో ఎవరూ, ఎప్పుడూ అనలేదు.

ఆ స్టూడియో ఆయన అతుకు దాచడం తప్పని నేననను. ఆయన పని అది. దండ వేసుకోవడానికి, పిల్లల పెళ్లిలో పీటల పక్కన పెట్టుకోవడానికి చేసిన ఫొటో. వివాన్ సుందరం అనే చిత్రకారుడు 2001 నుంచి తన తాతగారు ఉమ్రావ్ సింగ్ తీసిన కుటుంబ ఫొటోలను కంప్యూటర్‌లో కలిపి, తన పెద్దమ్మ, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్‌ని వేర్వేరు కాలాల్లోంచి తెచ్చి ఒకే గదిలో నిలబెట్టాడు. అక్కడా అతుకు కనబడదు, అద్దాల్లోనూ నీడల్లోనూ దాక్కుంటుంది. కానీ అసాధ్యమైనది చూస్తున్నామని మనకు తెలుస్తూనే ఉంటుంది. కాబట్టి అతుకు దాచిన ప్రతివాడూ మోసగాడు కాదు. పక్కనే కొండపల్లి ఉంది. బొమ్మ చేతులు, తల విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, అరగదీస్తారు, సుద్ద పూస్తారు, ఆపైన రంగు. అతుకు ఎక్కడుందో చేసినవాడికి తప్ప తెలియదు. తెలిస్తే ఏనుగు మీది అంబారీ పిల్లల చేతిలోకి ఊడి వస్తుంది.

ఫ్లెక్సీలు మాత్రం నాకు అంతుబట్టవు. ఈ ఊళ్లో రోజూ వందలమంది చూసే కొలాజ్ అదే. ఒకే తెల్లచొక్కా మీద పది తలకాయలు, తల సైజును బట్టి పదవి, జుట్టు చుట్టూ తెల్లటి అంచు. కింద వరసలో స్టాంపు సైజులో శుభాకాంక్షలు తెలిపేవారు. అతుకు దాద్దామనీ లేదు, చూపిద్దామనీ లేదు. దాని మీద ఎవరైనా పరిశోధన చేస్తే మొదటి కాపీ నేను కొంటాను.

2024 సెప్టెంబరు 1 నుంచి ఈ ఊళ్లో ఏం జరిగిందో ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ప్రతి ఇంటి ముందూ గుట్టలు: పరుపులు, ఫ్రిజ్‌లు, పుస్తకాలు. ఆ గుట్టల్లో పెళ్లి ఆల్బమ్‌లు. తెలిసినవాళ్ల ద్వారా కొన్ని నా దగ్గరికి వచ్చాయి. "మేడం, మీరు ఫొటోలతో ఏదో చేస్తారటగా, ఇది చూడండి" అని.

నీళ్లలో మునిగిన కలర్ ఫొటో ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ల్యాబ్‌లో కడిగిన మామూలు కలర్ ప్రింట్‌లో రంగులు మూడు పొరలుగా ఉంటాయి, జెలటిన్ అనే జిగురులాంటి పదార్థంలో. అన్నిటికంటే పైన నీలి ఆకుపచ్చ పొర, సయాన్ అంటారు. మధ్యలో మెజెంటా. అడుగున పసుపు. నీరు, బురద పైనుంచి తింటూ వస్తాయి కాబట్టి ముందు సయాన్ పోతుంది, అక్కడ ఎర్రబారుతుంది. మెజెంటా కూడా పోతే పసుపు మిగులుతుంది. పసుపు కూడా పోతే తెల్ల కాగితం. అందుకే వరదలో తడిసిన ఫొటోల్లో అంచుల నుంచి లోపలికి తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు, తర్వాతే అసలు బొమ్మ. మంట అంటుకున్నట్టుంటుంది, నీళ్లలో పోయిన ఫొటో. పాత నలుపు తెలుపు ఫొటోలు, గట్టి కాగితం మీద కడిగినవి, కొన్ని మెరుగ్గా నిలిచాయి. పేజీలు దగ్గరగా ఒత్తి చేసిన కరిష్మా ఆల్బమ్‌లు చాలావరకు విడదీయడానికి కూడా వీల్లేకుండా పోయాయి. తాతగారి ఫొటో ఉంది, మనవడి పెళ్లి ఫొటో లేదు.

ఇది కళతో సంబంధం లేని మాట, అయినా రాసుకోండి. తడిసి అంటుకుపోయిన ఫొటోలను అలాగే ఆరనివ్వకండి. ఆరితే జెలటిన్ రెండు ఫొటోలనూ శాశ్వతంగా కలిపేస్తుంది. శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి, వాటంతట అవి వదిలేలా మెల్లగా విడదీయాలి. బొమ్మ ఉన్న వైపు వేలు పెట్టకూడదు. రెండు రోజులకు మించి నీళ్లలో ఉంచకూడదు. ఆలోపు కుదరకపోతే మధ్యలో పాలిథిన్ కాగితం పెట్టి ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించి, తీరిగ్గా చేసుకోవచ్చు. ఆరబెట్టేటప్పుడు బొమ్మ పైకి ఉండాలి, నీడలో. ఫ్రేమ్ అద్దానికి అంటుకుపోయి ఆరిన ఫొటోని పీకకండి, అద్దంతో సహా స్కాన్ చేయించండి.

వచ్చినవాళ్లందరూ అడిగింది ఒకటే. "కొత్తదానిలా చేసివ్వండి." ఇప్పుడు ఫోన్‌లోనే ఆ పని జరిగిపోతోంది. ఒకాయన వాళ్ల అమ్మగారి ఫొటో అలా ఏఐ యాప్‌లో పెట్టి బాగుచేయించి తెచ్చారు. సగం మొహం పోయిన ఫొటోలోంచి పూర్తి మొహం వచ్చింది. నున్నటి చెంపలు, వరసగా పళ్లు, మంచి వెలుతురు. ఆవిడ చెల్లెలు, ఎనభై దాటినావిడ, పక్కనే కూర్చుని ఉన్నారు. ఫోన్ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "ఎవరమ్మా ఈవిడ?" అన్నారు.

ఎవరో కాదు, లక్షల మొహాల సగటు. ఊడిపోయిన సగం ఆ యంత్రానికీ తెలియదు, మీకూ నాకూ తెలియదు. తెలియనిచోట తెలిసినట్టు నింపి, పైగా అతుకు కూడా కనబడకుండా చేస్తే, ఇక ఆ ఇంట్లో పిల్లలు ఆ మొహాన్నే అమ్మమ్మ అనుకుంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడ. స్టూడియో ఆయన అతుకు దాచాడు గానీ, రెండు మొహాలూ అసలువే. ఇక్కడ మొహమే కల్పించారు.

నేను చేసేది ఇది. ముందు ఫొటోని ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేస్తాను. అసలు ఫొటో మీద కత్తెర పెట్టను, అది వాళ్లకు తిరిగి ఇచ్చేస్తాను. స్కాన్‌ని నూలు కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో ప్రింట్ తీస్తాను. పోయినచోటు పోయినట్టే ఉంటుంది, ఆ పసుపు, ఆ ఎరుపు అన్నీ. అప్పుడు ఆ ఇంట్లో మిగిలిన కాగితం ఏదైనా ఇమ్మంటాను. శుభలేఖ, పంచాంగం, పిల్లల నోటుబుక్కు అట్ట, ఏదైనా సరే. దాన్ని పోయినచోట అతికిస్తాను. కత్తిరించను, చేత్తో చింపుతాను. చింపితే కాగితం లోపలి తెల్లటి పీచు అంచు వెంట కనబడుతుంది. ఫొటో ఎక్కడ అయిపోయింది, నేను ఎక్కడ మొదలుపెట్టాను అన్నది ఎవరికైనా తెలిసిపోవాలి.

ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. పెళ్లి ఫొటో. పెళ్లికూతురు వైపు పర్వాలేదు, గాజులు లెక్కపెట్టొచ్చు. పెళ్లికొడుకు వైపు మెడ కింద నుంచి తెల్లబడిపోయింది. ఆయన ఇప్పుడు లేరు. ఇల్లంతా మునిగినా అటక మీద పెట్టినవి తడవలేదు. అందులో ఆయన రాసుకున్న ఇంటి ఖర్చుల పుస్తకాలున్నాయి. ఆ పేజీ ఒకటి, ఆవిడే ఏరి ఇచ్చారు. పాలు, కందిపప్పు, కరెంటు బిల్లు, అబ్బాయి ఫీజు, "సినిమా" అని ఒక గీత కింద విడిగా. ఆ పేజీ నకలు తీసి పెళ్లికొడుకు చొక్కా ఉండాల్సిన చోట పెట్టాను. నీలి ఇంకు, కుడివైపుకు ఒరిగిన అక్షరాలు. వాళ్లబ్బాయికి నచ్చలేదు, "ఫొటో చేయమంటే లెక్కల పుస్తకం అతికించారేంటండీ" అన్నాడు, మొహమాటం లేకుండా. ఆవిడ మాత్రం కళ్లజోడు పెట్టుకుని ఆ చొక్కా చదివారు. "కందిపప్పు అప్పుడు ఎంత చవకో చూడరా" అన్నారు. వాళ్లిద్దరిలో ఎవరిది సరైన మాటో నేను చెప్పలేను. ఆ బొమ్మ వాళ్ల హాల్లో ఉందా, బీరువాలో ఉందా అని కూడా అడగలేదు.

ఇక చేతిపని గురించి, త్వరగా.

ప్రతి కాగితానికీ ఒక వాలు ఉంటుంది, గ్రెయిన్. మిల్లులో పీచు ఒకే దిక్కున పరుచుకుంటుంది. చిన్న చదరపు ముక్క కోసి ఒకవైపు తడి చేయండి. గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కున ఉందో అదే గ్రెయిన్. తడిస్తే కాగితం దానికి అడ్డంగా సాగుతుంది. అతికించే కాగితం, అడుగున అట్ట, రెండింటి గ్రెయిన్ ఒకే దిక్కున లేకపోతే ఆరాక బొమ్మ వంకర తిరుగుతుంది. అప్పుడు ఫెవికాల్‌ని తిట్టి లాభం లేదు. అట్ట వెనకవైపు కూడా అంతే మందం కాగితం అతికిస్తే రెండు లాగుళ్లూ సరిపోతాయి.

జిగురు విషయానికొస్తే, పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు మైదా ఉడకబెట్టి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం, ఇంట్లో పిల్లలుంటే వద్దు. నేను గోధుమ స్టార్చ్ మాత్రం ఉడకబెట్టి, వడగట్టి, గడ్డపెరుగు చిలికినంత చిక్కగా వాడతాను, ఎప్పటికప్పుడు తాజాగా. దానికో సుగుణం ఉంది, ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా తడిపితే ఊడివస్తుంది. ఫెవికాల్ ఆరితే అలా రాదు. అట్టలు కలపడానికి బ్రహ్మాండం, ఫొటోలకు వద్దు. మన ఊరి వాతావరణం కూడా చూసుకోవాలి. మేలో జిగురు కుంచె మీదే ఎండిపోతుంది. భాద్రపదంలో వారమైనా ఆరదు, బూజు పడుతుంది.

న్యూస్‌పేపర్ పచ్చబడుతుందా అని అందరూ అడుగుతారు. పడుతుంది. చెక్కను నూరి చేసిన గుజ్జులో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం అలాగే ఉండిపోతుంది, వెలుగూ గాలీ తగిలితే రంగు మారుతుంది, పెళుసవుతుంది. నిలవాలంటే మంచి కాగితం మీద నకలు తీసుకోండి. పచ్చబడటమే బొమ్మలో భాగమనుకుంటే అసలుదే వాడండి. రెండూ చేస్తాను నేను. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర తిరిగితే అట్ట ఊడిన పత్రికలు దొరుకుతాయి. "చదవడానికి కాదా అమ్మా?" అని అడుగుతారు, కొంచెం బాధగా.

మధ్యాహ్నం మనం సయనోటైప్ చేయబోతున్నాం. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్, రెండు ద్రావణాలు కలిపి కాగితానికి పూసి, నీడలో ఆరబెట్టి, మీద నెగెటివ్‌గానీ ఆకుగానీ పెట్టి ఎండలో పెట్టడమే. నీళ్లలో కడిగితే ముదురు నీలం వస్తుంది. వేరే ఊళ్లవాళ్లు దీనికి అల్ట్రా వయొలెట్ దీపాలు కొనుక్కుంటారు. మనకా ఖర్చు లేదు. (నవ్వులు) ఒక్క జాగ్రత్త, ఆ నీలానికి క్షారం పడదు. సుద్ద కలిపి తయారుచేసిన ఆర్కైవల్ కాగితాలు, అంటే చాలా ఏళ్లు నిలిచేవి, ఉంటాయి, ఫొటోలకు అవి మంచివే, సయనోటైప్‌కి మాత్రం నీలం వెలిసిపోతుంది. కడగడానికి సబ్బు చేతులు పెట్టకండి.

ఇంకో మాట. ఈరోజే కోసి ఈరోజే అతికించకండి. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు నిలబడలేక, సహాయకులు రంగు పూసిన కాగితాలను కత్తెరతో కోస్తూ పనిచేశాడు. కోసిన ముక్కలను ముందు గోడకు గుండుసూదులతో గుచ్చేవారు. రోజుల తరబడి అటూ ఇటూ జరిపి, కుదిరిందనుకున్నాకే జిగురు. ఆ కాగితాల్లో సూది బెజ్జాలు ఇప్పటికీ ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి శాంతినికేతన్‌కు చెందిన వినోద్ బిహారీ ముఖర్జీ. చిన్నప్పటి నుంచీ చూపు అంతంతమాత్రమే. అయినా హిందీ భవన్ గోడల నిండా సంతుల చరిత్ర గీశాడు. 1957లో కంటి ఆపరేషన్ విఫలమై చూపు పూర్తిగా పోయింది. చిత్రకారుడికి చూపు పోయింది, ఇంకేముంది అనుకుంటారు ఎవరైనా. ఆయన రంగు కాగితాలు పట్టుకున్నాడు. మడతపెట్టి, కోసి, అతికించి బొమ్మలు చేశాడు. సత్యజిత్ రాయ్ ఆయన శిష్యుడు, 1972లో ఆయన మీద డాక్యుమెంటరీ తీశాడు, చూడండి. రంగుతో గీసిన గీత వేలికి తగలదు. కాగితం అంచు తగులుతుంది. ఒక కాగితం ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో వేలు చెబుతుంది. అతుకు అన్నది కంటికి తప్పులా కనబడేవాళ్లు ఒకసారి కళ్లు మూసుకుని ఆయన బొమ్మలాంటిది ఒకటి చేసి చూడండి. మీ క్లాసులో ఇది ఒక అభ్యాసంగా పెట్టుకోవచ్చు. మొదటిరోజు ఏడుపొస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(పత్రికల్లోంచి, సినిమా పోస్టర్లలోంచి ఫొటోలు కోసి వాడితే కేసు పడుతుందా అని ఒక విద్యార్థిని అడిగారు.)

మంచి ప్రశ్న, ఇది తెలియక చాలామంది టెన్షన్ పడుతుంటారు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012 సవరణ తర్వాత దాని ప్రకారం ఫొటోకి తీసినవాళ్లు బతికున్నంత కాలం, ఆపైన వాళ్లు పోయిన ఏడాది తర్వాతి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కాబట్టి అచ్చయి అరవై ఏళ్లు దాటినంత మాత్రాన గడువు తీరిందనుకోవద్దు. గడువు తీరిందని కచ్చితంగా తెలియకపోతే అనుమతి అడగడమే మంచిది, ముఖ్యంగా అమ్మే బొమ్మల్లో. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, స్టూడియో కాదు. మీ పెళ్లి ఫొటోలు మీవే. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఎవరి మొహం పడితే వాళ్ల మొహం కోసేయొచ్చని కాదు. బతికున్న మనుషుల ఫొటో అయితే నేను వాళ్లనో, వాళ్ల ఇంటివాళ్లనో అడుగుతాను. వద్దంటే పక్కన పెట్టేస్తాను.

(న్యూస్‌పేపర్ వాడిన బొమ్మ కొన్నవాళ్ల ఇంట్లో పచ్చబడిపోతే డబ్బులు వెనక్కి ఇస్తారా అని వెనక వరసలోంచి ఒకరు అడిగారు.)

ఇవ్వను. (నవ్వులు) కానీ దాచను. ప్రతి బొమ్మ వెనకా ఒక చీటీ అతికిస్తాను. ఏ పేపరు వాడాను, ఎప్పటిది, ఏ జిగురు, ఏది అసలు, ఏది నకలు, ప్రింట్ ఏ ఇంకుతో తీశాను, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉంటాయి. రేపు ఎవరైనా బాగుచేయాల్సి వస్తే వాళ్లకు అవసరం. కొనేవాళ్లకు ముందే చదివి వినిపిస్తాను. అది విన్నాక వద్దన్నవాళ్లూ ఉన్నారు. మీరు కూడా రాసి పెట్టండి, పెన్నుతో వద్దు, ఇంకు ఇటువైపుకు దిగుతుంది. ఫ్రేమ్ కట్టించేటప్పుడు మాత్రం పక్కనే ఉండండి, లేకపోతే ఆ షాపులో కుర్రాడు సరిగ్గా ఆ చీటీ మీదే బ్రౌన్ టేపు వేసేస్తాడు.